మెదడు ఆపరేషన్‌లో ఎండోస్కోప్ కూడా వాడతామంటున్నారు, అమ్మకు ఒప్పుకోవచ్చా?

నల్లకుంట_వాసి
అమ్మకు 56 ఏళ్లు. పోయిన నెల కళ్లు తిరిగి పడబోతే ఎంఆర్ఐ తీయించాం. కళ్లు తిరగడానికి కారణం చెవిలో ఉందని తేలింది, గోళీలతో తగ్గింది కూడా. కానీ ఆ స్కాన్‌లోనే అన్యూరిజం (మెదడు రక్తనాళం గోడ ఒకచోట బుడగలా ఉబ్బడం) బయటపడింది. తర్వాత డీఎస్ఏ (రక్తనాళాల్లోకి మందు ఎక్కించి తీసే ఎక్స్‌రే పరీక్ష) చేశారు. మెదడుకు రక్తం తీసుకెళ్లే కుడి కెరోటిడ్ ధమని నుంచి పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ అనే కొమ్మ విడిపోయే చోట 7.5 మి.మీ. బుడగ ఉందట. బుడగ మెడ, అంటే అది ధమనికి అంటుకున్న చోటు, వెడల్పుగా ఉంది, బుడగ వెనక్కి తిరిగి ఉంది అని రిపోర్టులో రాశారు. ఇంకా పగల్లేదు. బీపీకి మందు వాడుతోంది.

ఇద్దరు డాక్టర్లను కలిశాం. ఒకాయన తొడ దగ్గర నుంచి సన్న గొట్టం పంపి, స్టెంట్ (ధమని లోపల నిలిచే జల్లెడ గొట్టం) పెట్టి బుడగలో కాయిల్స్ (సన్న తీగ చుట్టలు) నింపుదామన్నారు. రెండో ఆయన పాత ఫైలు మొత్తం తిరగేశారు. మూడేళ్ల కిందట అమ్మకు కడుపులో పుండు నుంచి రక్తం పోయి రెండు బాటిళ్లు ఎక్కించాల్సి వచ్చింది. "స్టెంట్ పెడితే రక్తం గడ్డకట్టకుండా రెండు రకాల మందులు కొన్ని నెలలు వాడాలి, ఈమెకు ఆ ధైర్యం చేయలేను. తల తెరిచి క్లిప్ పెడదాం, మైక్రోస్కోప్‌తో పాటు ఎండోస్కోప్ కూడా వాడతాను" అన్నారు.

అప్పటి నుంచి ఇంట్లో ఎవరి మాట వాళ్లది. ఎండోస్కోప్ అంటే చిన్న చిల్లు చాలు, తల తెరవక్కర్లేదని మా బావ. తల మీద కత్తి పెట్టనివ్వనని మా పెద్దమ్మ. అమ్మకు తెలిసిన ఎండోస్కోపీ ఒక్కటే, కడుపులో పుండుకు చేసింది. "మళ్లీ ఆ గొట్టం మింగాలారా?" అని అడిగింది. నాకు రాత్రుళ్లు నిద్ర పట్టట్లేదు. తెలిసినవాళ్లు ఎవరైనా చెప్పండి, ఈ ఎండోస్కోప్ అక్కడ ఏం చేస్తుంది?

చార్మినార్_చాయ్
ముందు అమ్మగారికి ఆ గొట్టం మింగే పని లేదని చెప్పండి. సగం భయం అక్కడే పోతుంది.

పీజీ_న్యూరో
న్యూరోసర్జరీలో ట్రైనింగ్‌లో ఉన్నాను. మీ అమ్మగారి ఫిల్ములు నేను చూడలేదు కాబట్టి ఏది చేయించాలో చెప్పను. ఎండోస్కోప్ సంగతి మాత్రం చెప్తాను.

మీ బావగారి మాట సరికాదు. ఇక్కడ ఎండోస్కోప్ మైక్రోస్కోప్‌కు సహాయం మాత్రమే. తల తెరవాల్సిందే. వెంట్రుకల గీత వెనక కోత పెట్టి, ఎముక ముక్క తీసి, మెదడు మడతల మధ్య ఉండే నీటిని నెమ్మదిగా వదిలి, ఆ దారిలో ధమని దాకా వెళ్తారు. బుడగ మెడకు అడ్డంగా టైటానియం క్లిప్ పెడతారు. రక్తం బుడగలోకి పోకుండా ఆగాలి, అసలు ధమనిలో మాత్రం ఎప్పటిలా పారాలి. ఇదే క్లిప్పింగ్. 1937లో బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ వెండి క్లిప్‌తో మొదటిసారి చేశారు. అదీ మీ అమ్మగారికి ఉన్న చోటే, పోస్టీరియర్ కమ్యూనికేటింగ్ దగ్గరే.

మైక్రోస్కోప్ ఎంత గొప్పదైనా తిన్నగానే చూస్తుంది. ఎదురుగా కెరోటిడ్ ధమని పైపులా నిలబడి ఉంటే దాని వెనక ఏముందో దానికి కనపడదు. అపార్ట్‌మెంట్ సెల్లార్ ర్యాంప్ మలుపులో గుండ్రటి అద్దం పెడతారు చూడండి, పైనుంచి వచ్చే బండి కనపడటానికి. ఎండోస్కోప్ ఇక్కడ ఆ అద్దం పని చేస్తుంది. దాని కొన 30, 45, 70 డిగ్రీలు పక్కకు చూసేలా చేసినవి ఉంటాయి. క్లిప్ పెట్టకముందు ఒకసారి లోపలికి పెట్టి బుడగ మెడ ఎక్కడ మొదలైంది, వెనక ఏ సన్న నాళాలు అంటుకుని ఉన్నాయి చూస్తారు. పెట్టాక మళ్లీ చూస్తారు. క్లిప్ కొనలు మెడను పూర్తిగా దాటాయా, మెడ ఏమైనా మిగిలిందా, కాపాడాల్సిన నాళం ఏదైనా క్లిప్‌లో ఇరుక్కుందా అని.

బుడగ వెనక్కి తిరిగి ఉందన్నారు కదా. ఆ డాక్టర్ ఎండోస్కోప్ పేరు ఎత్తింది అందుకే అయ్యుంటుంది.

గచ్చిబౌలి_టెకీ
మా టీమ్ లీడ్‌కు పిట్యూటరీ గడ్డ ముక్కులోంచి మొత్తం ఎండోస్కోప్‌తోనే తీశారు. తల మీద గీత కూడా పడలేదు. మరి ఇది ఎందుకు కుదరదు?

పీజీ_న్యూరో
@గచ్చిబౌలి_టెకీ మంచి ప్రశ్న. పిట్యూటరీ ముక్కు వెనక గది పైకప్పు మీదే కూర్చుని ఉంటుంది, దారి దగ్గర. పైగా అది గడ్డ, ముక్కలుగా తీసేయొచ్చు. అన్యూరిజం లోపల రక్తపోటుతో కొట్టుకుంటూ ఉంటుంది. మధ్యలో పగిలితే రెండు చేతులూ ఆడాలి, ధమనిని కింద తాత్కాలిక క్లిప్‌తో ఆపగలగాలి, సక్షన్ పట్టాలి. సన్న దారిలో ఇవన్నీ కష్టం. రక్తం చిమ్మితే స్కోప్ కొన ఎర్రబడి ఏమీ కనపడదు. ఆ క్షణంలో నమ్ముకునేది పైనున్న మైక్రోస్కోప్‌నే. ముక్కులోంచి అన్యూరిజం క్లిప్ చేసినవాళ్లు ప్రపంచంలో ఉన్నారు. చాలా తక్కువ కేసులు, కొన్ని చోట్ల ఉన్నవాటికే. మెదడు నీరు ముక్కులోకి కారే ప్రమాదం అదనం.

బాపు_బిడ్డ
మీ అమ్మది పగలకముందే దొరికింది అన్నా. అది మామూలు అదృష్టం కాదు.

మా బాపుకు 2019ల అయింది. పొలం కాడ నిలబడ్డోడు నిలబడ్డట్టే తల పట్టుకొని కూలవడ్డడు. "తల పగిలిపోతాంది" అన్న మాట ఒక్కటే అన్నడు. ఊళ్ల డాక్టరు గ్యాస్ అన్నడు, ఇంజక్షన్ ఇచ్చిండు. జిల్లా దవాఖానల స్కాన్ మిషన్ పని చేస్తలేదన్నరు. హైదరాబాద్ వచ్చేసరికి పదహారు గంటలైంది. మెదడు చుట్టూ రక్తం కమ్మింది అన్నరు. రెండో రోజు మళ్ల పగిలింది. ఆపరేషన్ దాక కూడ పోలే. 61 ఏండ్లు. మా మేనత్త కూడ గట్లనే తలనొస్తాంది అనుకుంట పోయింది, అప్పుడు మాకు ఎవ్వరికి ఎరుక లేదు.

మీరు ఎండోస్కోప్ కావాల్నా వద్దా అని కూసొని అడుగుతున్నరు. మాకు అడిగే టైం కూడ దొరకలే. జల్ది చేయించుండ్రి.

నల్లకుంట_వాసి
@బాపు_బిడ్డ అన్నా, చదివి చాలాసేపు ఏమీ రాయలేకపోయాను. మా పెద్దమ్మకు మీ పోస్టు చదివి వినిపించాను. మొదటిసారి నోరు మెదపకుండా విన్నది.

పీజీ_న్యూరో
@బాపు_బిడ్డ మీ బాపు, మీ మేనత్త అన్నాచెల్లెళ్లు. ఒకే ఇంట్లో ఇద్దరికి ఇలా జరిగితే మిగతావాళ్లు ఒకసారి ఎంఆర్ఏ (మెదడు రక్తనాళాలను చూపే స్కాన్) తీయించుకోవడం మంచిది. మీకు బీపీ ఉందా, సిగరెట్ అలవాటు ఉందా? దయచేసి దీన్ని పక్కన పెట్టొద్దు.

తార్నాక_రవళి
నేను వేరే మాట చెప్తాను, కోపం వద్దు. మా అమ్మకు కాయిలింగ్ చేశారు. తొడ దగ్గర చిన్న పోటు, నాలుగో రోజు ఇంటికి వచ్చేసింది, పదో రోజు బోనాలకు బోనమెత్తింది. ఇంత తేలిక దారి ఉండగా తల తెరిచి అందులోకి ఇంకో కెమెరా కూడా దూర్చడం ఎందుకు? 2002లో వచ్చిన ఐశాట్ అనే పెద్ద స్టడీలో కూడా కాయిలింగ్‌ వాళ్లే మెరుగ్గా ఉన్నారని మా డాక్టర్ కాగితం మీద రాసి చూపించారు.

పీజీ_న్యూరో
@తార్నాక_రవళి కోపం ఎందుకండీ, మీ డాక్టర్ సరిగ్గానే చెప్పారు. ఐశాట్‌లో 2143 మంది ఉన్నారు. ఏడాది తర్వాత చనిపోయినవాళ్లు, ఇంకొకరి మీద ఆధారపడి బతుకుతున్నవాళ్లు కలిపి కాయిలింగ్ వైపు సుమారు 24 శాతం, క్లిప్పింగ్ వైపు సుమారు 31 శాతం. అయితే అందులో ఉన్నవాళ్లందరికీ బుడగ అప్పటికే పగిలింది. పైగా రెండు పద్ధతుల్లో ఏదైనా సరే అని డాక్టర్లు అనుకున్నవాళ్లనే తీసుకున్నారు. పగలని బుడగ, వెడల్పు మెడ, కడుపులో రక్తస్రావం చరిత్ర ఉన్న ఈ అమ్మగారికి ఆ లెక్క నేరుగా అతకదు. స్టెంట్ లేకుండా వెడల్పు మెడలో కాయిల్ నిలవడం కష్టం. స్టెంట్ పెడితే ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ తప్పవు. మీ అమ్మగారికి మెడ సన్నగా ఉండి ఉంటుంది.

తార్నాక_రవళి
అవును, మెడ సన్నగా ఉందనే అన్నారు. కడుపు సమస్యలు కూడా లేవు. సరే, ఆ తేడా నాకు తట్టలేదు. కానీ కాయిలింగ్ చేసే డాక్టర్‌ను, క్లిప్పింగ్ చేసే డాక్టర్‌ను ఒకే చోట కూర్చోబెట్టి ఇద్దరినీ అడగండి. విడివిడిగా అడిగితే ఎవరికి చేతనైంది వాళ్లు చెప్తారు.

ఓటీ_సిస్టర్
న్యూరో ఓటీలో (ఆపరేషన్ థియేటర్‌లో) పదకొండేళ్లుగా పని చేస్తున్నా. ఇవాళ నైట్ డ్యూటీ లేదు కాబట్టి తీరిగ్గా రాస్తున్నా. ఆ తలుపు లోపల ఏం జరుగుతుందో బయట బెంచీ మీద కూర్చున్నవాళ్లకు ఎవరూ చెప్పరు.

తల తెరిచాక మొదటి గంటలు మైక్రోస్కోప్ కిందే. గదిలో లైట్లు తగ్గిస్తాం, గోడ మీద టీవీలో అందరికీ కనపడుతుంది. బుడగ కనపడగానే గదిలో మాటలు ఆగిపోతాయి. కొన్నిసార్లు కింద ధమనికి తాత్కాలిక క్లిప్ పెడతారు, బుడగ మెత్తబడటానికి. అప్పటి నుంచి నిమిషాలు పైకి చెప్పడం మా పని. "రెండు నిమిషాలు సార్", "మూడు నిమిషాలు సార్" అంటూ. ఆ గొంతు వణక్కూడదు.

ఎండోస్కోప్ తేవాలంటే అది ముందే స్టెరైల్ చేసి, కెమెరా కట్టి, కొనను గోరువెచ్చని సెలైన్‌లో ముంచి సిద్ధంగా ఉంచుతాం. లేకపోతే లోపలికి పోగానే మంచు పట్టినట్టు మసకేస్తుంది. లోపల ఉన్నంతసేపు ఎవరూ టేబుల్‌ను మోచేత్తో కూడా తాకకూడదు. పట్టుకునేది అసిస్టెంట్ డాక్టర్ చెయ్యి గానీ, టేబుల్‌కు బిగించిన ఇనుప చెయ్యి గానీ. సర్జన్ ఒక కన్ను మైక్రోస్కోప్‌లో, ఒక కన్ను స్క్రీన్ మీద పెట్టినట్టు పని చేస్తారు. ఎందుకంటే స్కోప్ తన కొన ముందున్నదే చూపిస్తుంది. వెనక ఉన్న దాని కడ్డీ ఏ నరాన్ని ఒరుసుకుంటోందో దానికి తెలియదు. ఆ కాపలా మైక్రోస్కోప్‌దే.

మొత్తం కలిపి స్కోప్ లోపల ఉండేది కొద్ది నిమిషాలే. కానీ క్లిప్ పెట్టాక అంతా బాగుంది అనుకున్న కేసులో స్కోప్ పెట్టి చూసి, "తీయండి, మళ్లీ పెడదాం" అన్న సందర్భాలు నా కళ్లతో చూశా. అలాంటి రోజు నేను ఇంటికి వెళ్లి మా అమ్మకు ఫోన్ చేస్తా. ఊరికే.

చార్మినార్_చాయ్
సిస్టర్, ఈ పోస్టు ప్రింట్ తీసి ప్రతి వెయిటింగ్ హాల్లో అంటించాలి.

అద్దాల_మెకానిక్
ఆపరేషన్ పరికరాల సర్వీస్ ఇంజినీర్‌ని, సిటీలో చాలా ఓటీలు తిరుగుతా. మనిషి సంగతి డాక్టర్లకు తెలుసు, పరికరం సంగతి నాకు తెలుసు.

ఈ స్కోపులు వంగే గొట్టాలు కావు. కడుపులోకి పంపేది వంగుతుంది, ఇది గట్టి ఉక్కు కడ్డీ, సాధారణంగా 4 మి.మీ. మందం, ఇంకా సన్నవీ ఉన్నాయి. లోపల వరసగా గాజు కడ్డీలు ఉంటాయి. హెరాల్డ్ హాప్కిన్స్ అనే బ్రిటిష్ భౌతిక శాస్త్రవేత్త తెచ్చిన పద్ధతి ఇది. అంతకుముందు చిన్న చిన్న కటకాలు, మధ్యలో గాలి ఎక్కువ. ఆయన ఆ ఖాళీని గాజుతోనే నింపేసరికి బొమ్మ వెలుతురు ఎన్నో రెట్లు పెరిగింది. కొనలో పట్టకం పెట్టి చూపును పక్కకు తిప్పుతారు.

ఇంకో లాభం వెలుతురు. మైక్రోస్కోప్ లైటు బావి గట్టు మీద నిలబడి టార్చి కొట్టినట్టు. అడుగు కనపడుతుంది గానీ గోడల నీడలు ఉంటాయి. స్కోప్ లైటు బావిలోకి దిగి దీపం పట్టినట్టు.

కష్టం ఏమిటంటే 70 డిగ్రీల స్కోప్ తన ఎదుట ఉన్నది తాను చూడలేదు. పక్కకే చూస్తుంది. తల పక్కకు తిప్పి ముందుకు నడవడమన్నమాట. దాన్ని లోపలికి దింపేటప్పుడు మైక్రోస్కోప్ చూస్తూ ఉండాల్సిందే. చెయ్యి అలవాటు లేనివాళ్లకు దిక్కులు తారుమారవుతాయి.

మూసీ_ఒడ్డు
అంత లైటు మెదడు పక్కన పెడితే వేడి కాదా?

అద్దాల_మెకానిక్
@మూసీ_ఒడ్డు అవుతుంది. కొన నిజంగానే వేడెక్కుతుంది. అందుకే లైటు తగ్గించి వాడతారు, మధ్యమధ్యలో సెలైన్ పోస్తారు, ఒకే చోట ఎక్కువసేపు ఉంచరు. మేం సర్వీసుకు వెళ్లినప్పుడు లైటు కేబుల్ పరీక్షించేది కూడా అందుకే.

లెక్క_చూపించు
నేను అడక్కుండా ఉండలేను. ఎండోస్కోప్ వాడితే రోగి బాగుపడటం పెరిగిందని రుజువు ఏది? నేను వెతికి చదివినవన్నీ ఒక్కో ఆసుపత్రి తన రోగుల గురించి తాను రాసుకున్నవే. సగం మందికి వాడి, సగం మందికి వాడకుండా పోల్చిన పెద్ద స్టడీ నాకు కనపడలేదు. మా మామయ్యకు ఒక ప్రైవేటు ఆసుపత్రిలో తలకు ఆపరేషన్ చేసినప్పుడు బిల్లులో ఎండోస్కోప్ అని విడిగా పెద్ద మొత్తం వేశారు. నోట్స్‌లో దాన్ని వాడినట్టు ఒక్క ముక్క లేదు. అడిగితే ప్యాకేజీ అన్నారు. పరికరం పేరు చెప్పి భయపడ్డ కుటుంబం దగ్గర డబ్బు లాగడం నేను చూశాను.

పీజీ_న్యూరో
@లెక్క_చూపించు మీరు అన్నదాంట్లో మొదటి భాగం నిజం. అలాంటి పోలిక స్టడీ నేనూ చూపించలేను. 1977లోనే అపుజో బృందం పక్కకు చూసే టెలిస్కోప్‌ను మెదడు ఆపరేషన్లలో వాడి రాసింది. తర్వాత జర్మనీలో మైన్జ్ నగరంలో పెర్నెక్జ్కీ బృందం చిన్న కిటికీలోంచి చేసే ఆపరేషన్లలో దీన్ని క్రమపద్ధతికి తెచ్చింది, 1998లో వాళ్ల అనుభవం అచ్చయింది. అప్పటి నుంచి వచ్చిన వ్యాసాల్లో మళ్లీ మళ్లీ కనపడే విషయం ఒకటే. మైక్రోస్కోప్‌లో సరిగ్గా ఉందనుకున్న క్లిప్ కొందరిలో సరిగ్గా లేదని స్కోప్ చూపించింది, అక్కడికక్కడే మార్చారు. అది రోగి జీవితంలో ఎంత తేడా తెచ్చిందో లెక్కగట్టడం కష్టం. క్లిప్ కింద ఇరుక్కున్న నాళాన్ని ఆపరేషన్ గదిలో చూడటం, మర్నాడు ఐసీయూలో చెయ్యి పడిపోయాక స్కాన్‌లో చూడటం, ఈ రెండిటి మధ్య ఏది కావాలంటే నేను మొదటిదే కోరుకుంటాను.

ఇంకో మాట. క్లిప్ పెట్టాక చూసుకోవడానికి స్కోప్ ఒక్కటే దారి కాదు. ఐసీజీ అనే పచ్చరంగు మందు నరంలోకి ఎక్కించి, ప్రత్యేక కాంతిలో రక్తం పారడం మైక్రోస్కోప్‌లోనే చూస్తారు, 2003 నుంచి ఇది వాడుకలోకి వచ్చింది. సన్న డాప్లర్ పెన్ను ధమని మీద పెట్టి చప్పుడు వింటారు. టేబుల్ మీదే యాంజియో (రక్తనాళాల ఎక్స్‌రే) చేసే చోట్లు ఉన్నాయి. ఐసీజీ లోపం కూడా మైక్రోస్కోప్ లోపమే, మలుపు వెనక కనపడదు. ఐసీజీ చూడగల ఎండోస్కోపులు వచ్చింది అందుకే.

లెక్క_చూపించు
సరే. దాచకుండా ఉన్నదున్నట్టు చెప్పారు, ఒప్పుకుంటా. బిల్లు సంగతి మాత్రం నల్లకుంట గారు ముందే రాతపూర్వకంగా తీసుకోవాలి.

సీతాఫల్‌మండి_శ్రీను
మా అక్కకు కూడా ఇదే చోట అన్యూరిజం. ఆమెకు ఒక రోజు పొద్దున లేచేసరికి ఎడమ రెప్ప వాలిపోయింది, వస్తువులు రెండేసి కనపడ్డాయి. షుగర్ వల్ల అనుకుని కళ్ల డాక్టర్ దగ్గరికి వెళ్తే, ఆయన కంటిపాప పెద్దదై ఉండటం చూసి "ఇక్కడ ఒక్క నిమిషం కూడా ఉండొద్దు, మెదడు స్కాన్‌కు వెళ్లండి" అని ఆయనే ఆటో ఎక్కించాడు. బుడగ కంటిని కదిలించే నరాన్ని నొక్కుతోందట. క్లిప్ పెట్టారు. రెప్ప లేవడానికి నాలుగు నెలలు పట్టింది. అమ్మగారికి రెప్ప వాలినా, చూపు రెండుగా కనపడినా అపాయింట్‌మెంట్ కోసం ఆగకండి.

పీజీ_న్యూరో
ఇది చాలా ముఖ్యం. శ్రీను గారి అక్కను కాపాడింది ఆ కళ్ల డాక్టరే.

మూసీ_ఒడ్డు
ఖర్చు మాట ఎవరూ ఎత్తలేదు. తెల్ల రేషన్ కార్డు ఉంటే ఆరోగ్యశ్రీ కౌంటర్లో ఆరోగ్యమిత్రను కలవండి. మా బాబాయికి క్లిప్పింగ్ దాని కిందే అయింది. తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి పరిమితి 10 లక్షలు చేశారు. పంజగుట్ట నిమ్స్‌కు వెళ్లే పనైతే పొద్దున్నే వెళ్లండి, పాత రిపోర్టులు, డీఎస్ఏ సీడీ అన్నీ ఒకే సంచిలో పెట్టుకోండి. సీడీ లేకుండా కాగితం ఒక్కటే తీసుకెళ్తే మళ్లీ ఇంటికి రావాలి.

నల్లకుంట_వాసి
అందరి పోస్టులూ కాగితం మీద రాసుకుని మళ్లీ వెళ్లాను. రవళి గారు చెప్పినట్టు ఇద్దరు డాక్టర్లనూ ఒకే రోజు ఒకే గదిలో కలిపే ఆసుపత్రి వెతికాను. ఇద్దరూ సీడీ చూశారు. తొడ నుంచి చేసే ఆయనే "ఈ కడుపుతో రెండు మందులు వద్దు, క్లిప్పింగే మేలు" అన్నారు. ఆ మాట ఆయన నోటి నుంచి వచ్చాక నా గుండె కుదుటపడింది.

కొన్నాళ్లు చూస్తూ ఆగొచ్చు కదా అని కూడా అడిగాను. చిన్నవైతే చాలామందికి అలాగే ఆగుతామన్నారు. కానీ 2003లో అచ్చయిన ఒక పెద్ద అంతర్జాతీయ స్టడీలో, ఈ చోటుతో పాటు మెదడు వెనక భాగపు ధమనుల్లో 7 నుంచి 12 మి.మీ. మధ్య ఉన్నవాటికి ఐదేళ్లలో పగిలే అవకాశం 14.5 శాతంగా తేలిందట. అది గుంపు లెక్క, మీ అమ్మ లెక్క కాదు అని కూడా ఆయనే అన్నారు. అమ్మ 56కే ఉంది, ముందు చాలా ఏళ్లున్నాయి.

ఎండోస్కోప్ గురించి సర్జన్‌ను సూటిగా అడిగాను, మీ దగ్గర ఉందా అని కాదు, ఎప్పుడు వాడతారు, ఎప్పుడు వాడరు అని. "క్లిప్ పెట్టకముందు చోటు ఉంటేనే పెడతాను, బుడగ గోడ పలచగా కనపడితే అప్పుడు పెట్టను. క్లిప్ పెట్టాక మాత్రం తప్పక చూస్తాను. ఐసీజీ కూడా చేస్తాను. చేతులు, కాళ్ల నరాల సంకేతాలను ఆపరేషన్ అంతా గమనిస్తూ ఉండే మనిషి విడిగా ఉంటాడు" అన్నారు. విడి బిల్లు లేదని రాసిచ్చారు. వచ్చే గురువారం ఆపరేషన్.

అమ్మ ఒకే ఒక్క ప్రశ్న అడిగింది, జుట్టు మొత్తం తీసేస్తారా అని. గీత మేరకే తీస్తామన్నారు. "అయితే సరే, మేనకోడలి పెళ్లికి జడ వేసుకోవాలి" అన్నది.

తార్నాక_రవళి
జడ మీద జడ వేసుకుంటారు. గురువారం మా ఇంట్లో దీపం వెలుగుతుంది.

ఓటీ_సిస్టర్
వెయిటింగ్ హాల్లో ఉన్నప్పుడు ఆలస్యమవుతోందని కంగారు పడొద్దు. లోపలికి తీసుకెళ్లిన టైం నుంచి లెక్కపెట్టకండి. మత్తు, లైన్లు, తల బిగించడం, వీటికే చాలాసేపు పడుతుంది. మీరు ఏమైనా తిని కూర్చోండి.

బాపు_బిడ్డ
అన్నా ఏమైందో చెప్పుండ్రి. పొద్దటిసంది చూస్తున్న.

నల్లకుంట_వాసి
ఆలస్యంగా రాస్తున్నందుకు మన్నించండి. ఇవాళ్టికి ఎనిమిదో రోజు. అమ్మ నిన్న ఇంటికి వచ్చింది.

పొద్దున ఏడున్నరకు లోపలికి తీసుకెళ్లారు. మధ్యాహ్నం మూడింటికి సర్జన్ బయటికి వచ్చి వీడియో చూపిస్తానని నన్ను, బావను లోపలి గదికి పిలిచారు. క్లిప్ పెట్టాక మైక్రోస్కోప్‌లో అంతా శుభ్రంగా ఉంది. ఐసీజీలో బుడగలోకి రక్తం పోవట్లేదు. అప్పుడు 30 డిగ్రీల స్కోప్ కెరోటిడ్ పక్కనుంచి దింపారు. క్లిప్ కొన కింద దారంలాంటి నాళం ఒకటి నొక్కుకుని ఉంది. యాంటీరియర్ కోరాయిడల్ అట. నాకు ఆ పేరు అప్పటిదాకా తెలియదు. సర్జన్ వీడియో ఆపి దాని మీద వేలు పెట్టి "ఇదే" అన్నారు. నరాల సంకేతాలు అప్పటికి ఇంకా బాగానే ఉన్నాయట. క్లిప్ తెరిచి, రెండు మి.మీ. వెనక్కి జరిపి మళ్లీ పెట్టారు. మళ్లీ స్కోప్ పెట్టారు. నాళం నిండుగా, ఎర్రగా కొట్టుకుంటూ కనపడింది.

సాయంత్రం ఐసీయూలో నన్ను ఒక్కడినే లోపలికి పంపారు. ఎడమ చెయ్యి పైకెత్తమంటే ఎత్తింది. ఎడమ కాలు మడవమంటే మడిచింది. తర్వాత గొంతు పెగల్చుకుని "నువ్వు తిన్నావా" అన్నది.

వారం రోజుల్లో బాధలూ ఉన్నాయి, దాచను. నుదుటి పక్క వాపు, నమిలితే నొప్పి, రెండు రోజులు కన్ను తెరుచుకోనంత ఉబ్బు. ఇప్పుడు తగ్గుతున్నాయి.

పీజీ_న్యూరో
ఆ నాళం సన్నదే గానీ చెయ్యి, కాలు కదిలించే తీగల కట్టకు రక్తం ఇచ్చేది అదే. మూసుకుపోతే అవతలి పక్క శరీరం పడిపోతుంది. చాలా సంతోషంగా ఉంది. క్లిప్ ఏ కంపెనీది, ఏ రకం అన్నది డిశ్చార్జ్ కాగితంలో ఉంటుంది, దాని ఫోటో ఫోన్లో పెట్టుకోండి. ఎప్పుడైనా ఎంఆర్ఐ తీయించాల్సి వస్తే ముందు అది చూపించాలి.

అద్దాల_మెకానిక్
మా వర్క్‌షాప్‌లో ఈ పోస్టు బయటికి చదివాను. స్కోపుల గీతలు తుడిచే కుర్రాడు చేస్తున్న పని ఆపి విన్నాడు.

నల్లకుంట_వాసి
@అద్దాల_మెకానిక్ ఆ తమ్ముడికి మా అమ్మ తరఫున చెప్పండి, పెళ్లి భోజనానికి రావాలని. నిజంగానే పిలుస్తున్నాం.

లెక్క_చూపించు
బిల్లు ఎంత వచ్చిందో అడగొచ్చా? రాసిచ్చినట్టే ఉందా?

నల్లకుంట_వాసి
రాసిచ్చినట్టే ఉంది. ఐసీయూ ఒక రోజు ఎక్కువైంది, అది మాత్రం అదనం.

బాపు_బిడ్డ
ఎమ్మటే ఏడ్పొచ్చింది అన్నా, మీ అమ్మ నువ్వు తిన్నవా అన్న కాడ.

పీజీ సార్ చెప్పినట్టు రేపు పొద్దుగాల ఎంఆర్ఏకు పోతున్న. సిగరెట్ బంద్ చేసి ఇయ్యాల్టికి పదకొండు రోజులు. మా తమ్ముడు రానంటున్నడు, బలవంతంగనైన బండి ఎక్కిస్త.